కమాన్ పట్టీ మీద చుక్క

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నా భార్య అంటే ఒప్పుకోను కానీ నేనే అంటే ఒప్పుకుంటాను. మస్కట్‌లోని ఘాలాలో మా రూమ్‌లో ఆరుగురం ఉంటాం. నా సబ్బు మీద గోటితో గీత గీసి డ్యూటీకి పోయేవాణ్ణి, సాయంత్రం వచ్చి ఆ గీత ఎంత అరిగిందో చూసుకునేవాణ్ణి. కొబ్బరినూనె సీసాకు పెన్నుతో గుర్తు. అనుమానం పెనుభూతంరా అని మా నాయన చెప్పి చెప్పి అలిసిపోయాడు. నేను మాత్రం ఆ భూతాన్ని కూడా బ్యాగులో పెట్టుకునే ఒమన్ విమానం ఎక్కాను.

నా పని కమాన్ల వర్క్‌షాప్‌లో. లారీ కింద, చక్రాల ఇరుసు మీద, వంపు తిరిగిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి చూడండి, అదే కమాన్ కట్ట. గుంతలో పడ్డప్పుడు దెబ్బంతా అది తింటుంది, బండికి తెలియనివ్వదు. పట్టీని కోసి, వంచి, రెండు కొసలనూ బోల్టు దూరే కన్నులుగా చుట్టడం నా వంతు. నేను చుట్టినదాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి వేడి మీద పదునుకు తేవడం భాయ్ వంతు. భాయ్‌ది కడప, నాది జగిత్యాల దగ్గర పల్లె. నాకన్నా ఐదేళ్ళు పెద్ద. మా ఇళ్ళలో కొలిచే దేవుళ్ళు వేరైనా మధ్యాహ్నం మా అన్నం డబ్బాలు తొమ్మిదేళ్ళుగా ఒకే బల్ల మీద తెరుచుకునేవి. మా అత్తగారు పంపిన మామిడికాయ పచ్చడి సగం అతనే తినేశాడు. ఆ సగానికి కూడా నేను సీసా మీద గుర్తు పెట్టుకున్నాను, అది వేరే సంగతి.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో రెండు లారీల కమాన్లు విరిగి వాపసు వచ్చాయి. ఒకటి ఖబూరా తోటల నుంచి పుచ్చకాయల లోడుతో వస్తూ రోడ్డు మధ్యలో కూలబడిందట. పదును తప్పిందని నేనన్నాను. సుత్తి దెబ్బల గాట్లు ఉన్నాయని భాయ్ అన్నాడు. ఇద్దరం ఒకరి ముందు ఒకరం కాదు, ఫోర్‌మన్ ముందు అన్నాం. అక్కడే మా మధ్య ఏదో చెడింది. పైకి మాత్రం డబ్బాలు అదే బల్ల మీద తెరుచుకుంటూనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఆ కారు వచ్చింది. ఖురియాత్ నుంచి ఒక ముసలి ఒమానీ పెద్దమనిషి దాన్ని ట్రైలర్ మీద వేయించి తెచ్చాడు. మోటారు కార్లు పుట్టిన తొలిరోజుల నాటి బండి. కర్ర ఆకుల చక్రాలు, ఇత్తడి దీపాలు, జట్కాబండి మీద లాగా ఎత్తున సీటు. ఎక్కడో పాత సామాన్ల వేలంలో కొన్నాడట. ఇంజన్ బాగు చేయించుకున్నాడు, చక్రాలు బిగించుకున్నాడు, కమాన్లు మాత్రం తుప్పు తిని పేలికలయ్యాయి. వాటి కొలతకు సరిపోయేవి బజారులో దొరకవు, చేత్తో చేయవలసిందే. తయారయ్యాక తానే నడుపుకుంటూ కొండల రోడ్డు మీదుగా ఖురియాత్ పోతానన్నాడు. హిందీ మాకన్నా బాగా మాట్లాడతాడు. ఆ కాలంలో కమాన్ గట్టిదా కాదా అని ఎలా చూసేవాళ్ళో కూడా చెప్పాడు. సీట్లలో ఇసుక బస్తాలు వేసి, రాళ్ళ దారిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పేవాళ్ళట, ఏదో ఒకటి విరిగేదాకా. విరిగింది చూసి ఇంకోటి లావుగా చేసేవాళ్ళట.

మా దగ్గర రాళ్ళ దారికి బదులు ఒక మిషన్ ఉంది. రెండు కొసలనూ పిన్నులకు తగిలించి మోటారు తిప్పితే, ఓ వంకర చక్రం పట్టీని నడుమ నుంచి పైకి నెట్టి వదులుతుంది. నిమిషానికి నలభై సార్లు. పక్కన చిన్న కౌంటర్ టక్కుటక్కుమంటూ లెక్క పెడుతుంది. లక్ష దాటినా వంపు తగ్గకుండా, విరగకుండా ఉంటే పాస్. ముందు పట్టీ పట్టీగా, తర్వాత కట్టగా పరీక్షిస్తాం. కట్టలో అన్నిటికన్నా పొడుగైనది, కన్నులున్నది, మెయిన్ పట్టీ. అది నిలబడితే తక్కినవన్నీ నిలబడ్డట్టే.

ఫోర్‌మన్ మలయాళీ, మాటలు తక్కువ. మా ఇద్దరినీ కారు పక్కన నిలబెట్టి చెప్పాడు. "ఇస్ బార్ టూటా తో తుమ్ దోనో మే సే ఏక్ ఘర్ జాయేగా." ఈసారి విరిగితే మీ ఇద్దరిలో ఒకడు ఇంటికే. తప్పు ఎవరిదైతే వాడు. భాయ్ తల ఊపాడు. నేను భాయ్ తల ఊపిన తీరు చూశాను. అంత తేలిగ్గా ఎందుకు ఊపాడా అనిపించింది.

మొదటి మెయిన్ పట్టీ చుట్టినప్పుడు ఒక కన్ను కొంచెం పక్కకు పోయింది. నా చేతికి అలా కావడం అరుదు, మనసు నిలకడగా లేదు మరి. దాన్ని తుక్కులో పడేసి రెండోది చేశాను. అది చక్కగా వచ్చింది. భాయ్ దానికి పదును పెట్టాడు. ఆ సాయంత్రం చేతులు కడుక్కోవడానికి కొలిమి వెనక్కి వెళ్తే గోడవార గోనెపట్టాలో చుట్టి ఏదో కనబడింది. విప్పి చూశాను. నేను తుక్కులో పడేసిన పట్టీ. కన్ను సరిచేసి ఉంది, పదును కూడా పెట్టి ఉంది. పక్కన పెడితే నా రెండో పట్టీకీ దీనికీ తేడా చెప్పడం కష్టం.

వంకర కన్ను పట్టీని మంచిదాని స్థానంలో పెడితే ఏమవుతుంది? విరుగుతుంది. ఎక్కడ విరుగుతుంది? కన్ను దగ్గర. కన్ను ఎవరి పని? నాది. ఇంటికి ఎవరు పోతారు? నాలుగు ప్రశ్నలకూ జవాబులు నాకు నిమిషంలో దొరికాయి. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకాన్ని కదా, భాయ్ ఆవలించకముందే లెక్కపెట్టేశాను. గోనెపట్టా ఎలా ఉందో అలాగే చుట్టేసి వచ్చేశాను.

అడగొచ్చు కదా అని మీరనుకుంటారు. అడిగితే అబద్ధం చెబుతాడని నా అనుమానం. కాబట్టి అడగలేదు. దానికి బదులు మా ఇంటి పద్ధతి ఒకటి చేశాను.

మాది కమ్మరి ఇల్లు. కోతల కాలంలో కొడవళ్ళు కుప్పలుగా వస్తాయి, ఎవరి చేతి కొడవలి ఎవరిదో కలిసిపోతుంది. అందుకని మా నాయన తాను చేసిన ప్రతి కొడవలి తోక మీద, పిడిలోకి పోయే చోట, పంచ్‌తో చిన్న చుక్క కొట్టేవాడు. ఆ చుక్క ఉంటే అది మాది, ఎవరూ మార్చలేరు. నేనూ చిన్న సెంటర్ పంచ్ తీసుకుని, మర్నాడు పొద్దున భాయ్ టీ తాగడానికి పోయిన సమయంలో, నా మెయిన్ పట్టీ మీద ఒక్క చుక్క కొట్టాను. నడిమి బోల్టు రంధ్రం పక్కన, వంపు లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట. పైన నల్లరంగు పూశాను. ఇక మార్చు చూద్దాం అనుకున్నాను. ఆ రోజు టీ నాకు చాలా రుచిగా అనిపించింది.

శనివారం పట్టీని మిషన్ మీద ఎక్కించాం. ఎండాకాలం మా డ్యూటీ రెండు ముక్కలు. మధ్యాహ్నం మూడు గంటలు విరామం, కంపెనీ బస్సు అందరినీ రూమ్‌కు తీసుకుపోయి మళ్ళీ తెస్తుంది. అప్పుడు మిషన్ ఆపేస్తాం. పోయేముందు కౌంటర్ అంకె నా అరచేతి మీద రాసుకున్నాను. ఆ రోజు భాయ్ బస్సెక్కలేదు. ఒళ్ళు బాగాలేదు, ఇక్కడే పడుకుంటానన్నాడు. తిరిగొచ్చి చూస్తే అంకె అయిదారు వేలు పెరిగి ఉంది.

"భాయ్, మిషన్ నడిపిచ్చినవా?"

"లేదే. ఎందుకు తమ్ముడూ?"

"ఏం లేదు, ఊకెనే అడిగిన."

అబద్ధం చెప్పాడు. అడిగితే అబద్ధం చెబుతాడన్న నా అనుమానం నిజమైంది కదా అని లోలోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంతోషమే నాకు సిగ్గు తెప్పిస్తుంది. పట్టీ వంపు లోపల వేలు పెట్టి తడిమాను. చుక్క ఉంది. పట్టీ నాదే. అయితే నా పట్టీనే ఎక్కువ సార్లు తొక్కించి అలసిపోయేలా చేస్తున్నాడన్నమాట. ఆదివారం కూడా అతను బస్సెక్కలేదు, అంకె మళ్ళీ పెరిగింది. సోమవారమూ అంతే. మూడు రోజులు భాయ్‌తో అన్నం తింటూ, నవ్వుతూ, అతని చేతులనే చూస్తూ గడిపాను. నూనెతో కాలిన మచ్చలున్న ఆ చేతులు నాకు దొంగచేతుల్లా కనబడ్డాయి.

మంగళవారం పొద్దున, కౌంటర్ అరవై వేలు దాటాక, టప్పుమని చప్పుడైంది. మిషన్ దగ్గరికి అందరికన్నా ముందు చేరింది నేనే. పట్టీ రెండు ముక్కలైంది. కన్ను దగ్గర కాదు, నడుమ.

విరిగిన ఇనుప ముఖాన్ని చదవడం మా పనిలో ఒక విద్య. పంచదార పలుకుల్లా మోటుగా మెరిస్తే వేడి ఎక్కువైందని అర్థం, తప్పు పదును పెట్టినవాడిది. అలా కాక ఒకచోట గోరంత నున్నగా ఉండి, అక్కడి నుంచి అలలు అలలుగా పాకితే, ఆ మొదలు దగ్గర ఇనుముకు గాయం ఉందని అర్థం. తప్పు గాయం చేసినవాడిది. నా చేతిలో ఉన్న ముక్క మీద ఆ నున్నటి భాగం నెలవంకంత ఉంది. దాని మొదట్లో సగం చుక్క. రెండో ముక్క తీశాను. మిగతా సగం అక్కడ ఉంది.

మా నాయన చుక్కను కొడవలి తోకకే ఎందుకు పెట్టేవాడో అప్పుడు గుర్తొచ్చింది. అక్కడ ఏ బరువూ పడదు. నేను కొట్టింది బరువు పడ్డ ప్రతిసారీ సాగే వైపు, అన్నిటికన్నా ఎక్కువ సాగే చోట. కమాన్ పనిలో చేరిన మొదటివారమే నేర్పుతారు, పదునైన పట్టీ మీద గీత కూడా పడకూడదని. వేరేవాళ్ళకు నేనే నేర్పాను కూడా. అనుమానం ముంచుకొచ్చేసరికి కమాన్ మిస్త్రీ పోయి కొడవళ్ళ కమ్మరి కొడుకు మిగిలాడు.

తర్వాత నేను చేసింది చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతాను. బొటనవేలికి గ్రీజు తీసుకుని ఆ నెలవంక మీద రాశాను. ఫోర్‌మన్ వచ్చాడు. కళ్ళద్దాలు ఆఫీసులో మరిచి వచ్చాడు. ముక్కను వెలుగుకు పట్టి, కళ్ళు చిట్లించి, మోటుగా ఉంది, వేడి తప్పే అన్నాడు. లారీల గొడవ అప్పటికే అతని మనసులో ఉంది. ఆదివారం మేనేజర్‌కు నిన్ను ఇంటికి పంపే పేపర్ పెడతానని భాయ్‌తో అన్నాడు. భాయ్ కొలిమి దగ్గరికి పోయాడు. నేను గ్రీజు సంగతి బయటపెట్టలేదు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇల్లు సగంలో ఉంది, ఇలాంటివి చాలా గుర్తొచ్చాయి. భాయ్‌కీ ఇలాంటివే ఉంటాయని మాత్రం గుర్తు రాలేదు.

ఆ మధ్యాహ్నం భాయ్ అందరి ముందే కొలిమి వెనక నుంచి గోనెపట్టా తెచ్చి విప్పాడు. అందులోని పట్టీని మిషన్‌కు తగిలించాడు.

"ఏంది భాయ్ గిది?"

"నువ్వు పారేసిందే తమ్ముడూ. నూనె పాతదైపోయింది, కొత్తది తెప్పించమంటే ఫోర్‌మన్ ఇనడంలేదు. ఈ ఎండకు నూనె చల్లారదు, పదును సరిగ్గా పడతాందో లేదో నాకే నమ్మకం ల్యా. అందుకని నీ పట్టీతో పాటే దీన్నీ కాల్చి అదే నూనెలో ముంచినా. మజ్జాన్నం మీరు పోయినాక నీది దించి దీన్ని ఎక్కించి చూస్తాన్న్యా. కౌంటర్లో ఎక్కిందంతా మిషన్ రేకు ఎనక సుద్దతో రాసిపెట్టినాలే, నీ లెక్కలోంచి తీసేయాల గదా."

రేకు వెనక్కి వంగి చూశాను. మూడు వరుసల్లో సుద్ద అంకెలు ఉన్నాయి. మూడు రోజులుగా నేను గుర్తుపెట్టుకున్న అంకెలతో కలిపి చూసుకోవలసిన అవసరం లేకపోయినా చూసుకున్నాను. సరిపోయాయి.

"మరి మొన్న అడిగితే లేదంటివి?"

"నా పదును మీద నాకే నమ్మకం లేదని చెప్తే, నువ్వు పోయి ఫోర్‌మన్‌కు చెప్తావేమోనని భయపడినా." పట్టీ పిన్ను బిగించాడు. "లారీల అప్పుడు చెప్పినావు గదా."

నేను మోటారు మీట నొక్కాను.

బుధ, గురువారాలు ఆ పట్టీ మిషన్ మీద ఊగుతూనే ఉంది. శుక్రవారం సెలవు అయినా భాయ్ అడిగి తాళంచెవి తీసుకుని వచ్చాడు, తోడుగా నేనూ వచ్చాను. తోడుగా అని అతను అనుకున్నాడు. నేను వచ్చింది అది విరిగితే చూడాలని. విరిగితే తప్పు నూనెది అవుతుంది, వేడిది అవుతుంది, నాది కాకుండా పోతుంది. కొలిమి పక్కన తిరగేసిన డబ్బా మీద కూర్చుని, తొమ్మిదేళ్ళ స్నేహితుడి పక్కనే, అతని పట్టీ విరగాలని మొక్కుకున్నాను. టక్కుటక్కుమని అది నడుస్తూనే ఉంది. శనివారం మధ్యాహ్నానికి నా పట్టీ విరిగిన అంకెను దాటి చాలా దూరం వెళ్ళిపోయింది.

అందరూ బస్సెక్కి పోయాక భాయ్ మోటారు ఆపాడు. నా ఎదురుగా కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఇది విరగల్యా. అదే కొలిమి, అదే నూనె. అంటే వేడి తప్పు కాదు. రేపు ఫోర్‌మన్‌కు ఇది చూపిస్తే నేను ఉంటా." చేతులు భుజం మీది తువ్వాలుకు తుడుచుకున్నాడు. "కానీ వేడి తప్పు కాకపోతే ఇంకేముంది? నీ పనే. నేను ఉంటే నువ్వు పోతావు. మూడు దినాలుగా నిద్ర ల్యా. నీ పిల్లోళ్ళు చిన్నోళ్ళు, మావోడు డిగ్రీ అయిపోయినాడు. నువ్వే చెప్పు, చూపించాల్నా వద్దా?"

నా జీవితంలో ఎవరూ నన్ను ఇలాంటి ప్రశ్న అడగలేదు. కోపం వచ్చింది ముందు, ఎందుకో తెలియదు. ఇంత మంచివాడిగా ఉండమని నిన్నెవడు అడిగాడని అరవాలనిపించింది. ఏడుపు కూడా వచ్చింది. లేచి పనిముట్ల బీరువా కింద నేను తోసిపెట్టిన విరిగిన ముక్కలు తెచ్చి, గ్రీజు తుడిచి, రెండింటినీ కలిపి అతని ముందు పెట్టాను. చుక్క పూర్తిగా కనబడింది.

ముక్కలను వెలుగుకు పట్టి చూశాడు. పదును పెట్టేవాడికి ఆ ముఖం చదవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఎవరు కొట్టినారు?"

"నేనే కొట్టిన భాయ్."

"ఎందుకు?"

మా ఇంటి ఆచారం అని చెప్పొచ్చు. కమ్మరి కొడుకును, చేసినదాని మీద గుర్తు పెట్టుకుంటాం అంటే నమ్మేవాడు, అది సగం నిజం కూడా. నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే అబద్ధాల బరువు మోయలేనంత అయింది.

"నువ్వు పట్టీ మారుస్తవనుకున్న. గోనెపట్టాల చూసిన దాన్ని. నన్ను ఇంటికి పంపుతవనుకున్న."

అతను తిట్టలేదు. ముక్కలు నా చేతికిచ్చి, పద, ఫోర్‌మన్ ఆఫీసులోనే ఉన్నాడు అన్నాడు.

ఫోర్‌మన్ ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. నన్ను చూశాడు. సొరుగు తీసి నా పేపర్ల కోసం వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడు భాయే అడ్డుపడ్డాడు. కన్ను ఇంత చక్కగా చుట్టేవాడు ఘాలా మొత్తంలో ఇంకొకడు దొరకడని, చుక్క తప్ప పనిలో తప్పు లేదని, ముసలాయన కారు ఆగకుండా ఈ రెండో పట్టీనే వేసేద్దామని, పాత నూనె మార్చకపోతే మాత్రం రేపు నిజంగానే విరుగుతాయని. హిందీలో అంత పొడుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఫోర్‌మన్ సొరుగు మూసేశాడు. మూడు నెలలు నన్ను కన్నుల పని నుంచి తీసి కోత మిషన్ దగ్గర వేశాడు. కొత్త నూనె డ్రమ్ము ఆ వారమే వచ్చింది.

నేను తుక్కులో పడేసిన పట్టీ లక్ష దాటి నిలబడింది, కారులోకి ఎక్కింది. ముసలాయన దాన్ని నడుపుకుంటూ ఖురియాత్ పోయి, చేరాక ఫోన్ చేసి మా ఇద్దరికీ సలాం చెప్పమన్నాడట. ఎండుచేపలు కూడా పంపాడు. అవి రూమ్‌లో అందరం పంచుకున్నాం.

భాయ్ ఇప్పటికీ నాతోనే తింటాడు. పచ్చడి ఇంకా సగం అతనిదే. ఆ రోజు గురించి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. కానీ ఆ కొలిమి పక్కన అతని పనిముట్ల పెట్టె ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళలో దానికి గొళ్ళెం కూడా వేసింది లేదు. పటకారు కావాలన్నా, ఆకురాయి కావాలన్నా అడక్కుండా మూత తీసి తీసుకునేవాళ్ళం. కారు వెళ్ళిపోయిన మర్నాడు పటకారు కోసం వెళ్ళాను. పెట్టెకు కొత్త తాళం వేసి ఉంది. భాయ్ లేచి వచ్చి, మెడలో తాయెత్తు పక్కన వేలాడుతున్న తాళంచెవితో తెరిచి, పటకారు తీసి నవ్వుతూ నా చేతికిచ్చాడు. మళ్ళీ తాళం వేసుకున్నాడు.